అరకు క్యాంపులో ఇంగ్లీషు మేడమ్

ఎనభైల మొదట్లో నేను విశాఖపట్నంలో ఇంజనీరింగ్ పీజీ విద్యార్థులకు ఫైనాన్స్ చెప్పేదాన్ని. వడ్డీ, తరుగుదల అనగానే వాళ్ళు కిటికీల వైపు చూసేవాళ్ళు. ఒక్క అమ్మాయి మాత్రం అలా కాదు. బ్యాచ్ మొత్తానికి ఆమె ఒక్కతే ఆడపిల్ల. విజయనగరం వైపు రైతు కుటుంబం. నలుగురిలో నోరు విప్పేది కాదు గాని, క్లాసయ్యాక నా గదికి వచ్చి తను వేసిన లెక్కలు చూపించేది. ఆ పిల్ల నా సొంతం అన్నట్టే ఉండేది నాకు.

ఆ చలికాలం విద్యార్థుల్ని అరకు తీసుకెళ్ళాం. కొండమీది ఒక ఊరికి నీళ్ళు వాగులోంచి డీజిల్ ఇంజనుతో తోడాలా, పైనున్న ఊట నుంచి పైపు వేయాలా అన్నది తేల్చి, ఊరివాళ్ళకూ బ్యాంకు ఆఫీసరుకూ వివరించడం వాళ్ళ ప్రాజెక్టు. ఖర్చుల సంగతి నాది. ఎలా మాట్లాడాలో నేర్పడానికి కమ్యూనికేషన్ క్లాసు తీసుకునే ఇంగ్లీషు మేడమ్ వచ్చింది. ఆమె తండ్రి ముంచింగిపుట్టు వైపు మిషన్ స్కూల్లో టీచరు. ఒరియా కలిసిన ఆ కొండల మాట ఆమెకు చిన్నప్పటినుంచీ వచ్చు. గెస్ట్‌హౌస్‌లో ఆడవాళ్ళం ముగ్గురికీ ఒకటే గది.

ఒక పొద్దున స్నానం చేసి వస్తుంటే గదిలోంచి నవ్వులు వినిపించాయి.

"మా మామ్మ ఆ ఎద్దు పళ్ళు సూసి, 'ఇది నాకంటే ముసిల్ది, నాకెందుకమ్ముతావు' అనీసిందండి," అంటోంది ఆ అమ్మాయి.

ఆమె నవ్వు నేనెప్పుడూ వినలేదు. నేను లోపలికి రాగానే నవ్వు ఆపి లేచి నిలబడింది. "గుడ్ మార్నింగ్ మేడమ్," అంది. ఆ గుడ్ మార్నింగ్ రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

"ఊళ్ళో కూడా ఇందాకట్లాగే మీ యాసలో మాట్లాడు," అంది ఇంగ్లీషు మేడమ్ ఆమెతో.

"ఇలాగ సెప్తే మా క్లాసోలు నవ్వుతారండి."

"నవ్వనీ. నువ్వు మాత్రం ఆపకు."

ఊరి బడి వరండాలో అందరూ కూర్చున్నారు. ఆ అమ్మాయి లేచి మొదలుపెట్టింది. "ఇంజను కొన్నప్పుడు సవకే. తరవాత ఏటవుద్ది? మీరు నీలు తాగే ప్రతి రోజూ ముందు అది నూనె తాగుతాది. పైపు ఏసినప్పుడు బరువే. ఏసీసేక కొండే మీకు నీలు మోసిపెడతాది." క్లాసువాళ్ళు నవ్వారు. ఆమె ఆగలేదు. ఇంగ్లీషు మేడమ్ పక్కన నిలబడి ఒక్కో మాటా అక్కడి భాషలో అందించింది. ఆడవాళ్ళు ముందుకు జరిగి కూర్చున్నారు. అది నా పాఠమే. ఇవాళ పెట్టే రూపాయినీ ముందుముందు పెట్టే రూపాయినీ పోల్చడం నేర్పింది నేనే. నా నోట అదెప్పుడూ అలా పలకలేదు.

"బాగా చెప్పావమ్మా. ఎవరు నేర్పారు?" అన్నాడు బ్యాంకు ఆఫీసరు.

ఆ అమ్మాయి ఇంగ్లీషు మేడమ్ వైపు చూసింది. ఆమె వెంటనే నన్ను చూపించి, "లెక్కంతా ఈవిడ నేర్పిందేనండి," అంది. మెచ్చుకోలులో నా వాటా కూడా ఆమె చేతిమీదుగా పుచ్చుకోవాల్సి వచ్చేసరికి నాకు ఆ చూపుకన్నా ఎక్కువ మండింది. తిరుగు రైల్లో వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నేను వేరే కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కో సొరంగం రాగానే నా ముఖం ఎవరికీ కనపడదు కదా అని తేలికపడ్డాను.

ఊరివాళ్ళు పైపే కావాలన్నారు. మరుసటి ఏడు నీళ్ళు వచ్చిన రోజున మా అందరినీ పిలిచారు. పేపర్లు దిద్దాలని చెప్పి నేను వెళ్ళలేదు. పేపర్లేవీ లేవు. ఆ ఆదివారం బీరువా సర్దుతూ, అక్కడ ఇంగ్లీషు మేడమ్ చుట్టూ ఎవరెవరు చేరి ఉంటారో ఊహించుకుంటూ గడిపాను.

సోమవారం ఆ అమ్మాయి నా గదికి వచ్చింది. "ఏటి మేడమ్, మీరు రానేదు?" అంది. నాతో ఆ యాసలో మాట్లాడటం అదే మొదలు. తను గమనించలేదు. కూర్చోమన్నాను. పైపులోంచి ముందు ఎర్రనీళ్ళు ఎలా వచ్చాయో, ముసలామె ఒకతె కుండ పెట్టి ఎవర్నీ రానీయక ఎలా కాపలా కాసిందో చెప్పుకొచ్చింది. మాట మాటకీ ఇంగ్లీషు మేడమే. ఆ పేరు వచ్చినప్పుడల్లా నాకు లోపల చురుక్కుమంటూనే ఉంది. అయినా ఆ పిల్ల ఆగినప్పుడల్లా "తరవాత?" అని అడిగాను.