బొట్టు పెట్టిన యంత్రం

కలర్ టీవీలు మహారాష్ట్ర అంచున ఉన్న మా రాజురా పల్లెల్లోకి కూడా వచ్చేసిన రోజులవి. దసరా మర్నాడు పత్తిచేలో మా ఆయనను కట్లపాము కరిచింది. చంద్రపూర్‌లోని సర్కారు దవాఖానాకు చేర్చేసరికి ఆయనకు ఊపిరి ఆడటం లేదు.

మంచం పక్కనే ఊపిరి అందించే కొత్త యంత్రం ఉంది. పండుగ పూజలో పెట్టిన కుంకుమబొట్టు, వేసిన బంతిపూల దండ దానిమీద ఇంకా అలాగే ఉన్నాయి.

“గా మిషన్ పెట్టుండ్రి సిస్టరమ్మా” అని బతిమాలాను.

“మిషన్ అయితే ఇచ్చిండ్రు గని, నడిపెటోళ్లకు జీతం మంజూరు కాలే చెల్లే. నువ్వే ఇది ఆగకుండ ఒత్తుతుండు” అంటూ నర్సు, ఆయన నోటికి అమర్చిన గాలిసంచిని నా చేతిలో పెట్టింది.

మా మరిది, నేను చేతులు పడిపోయేదాకా ఒత్తాం. సాయంత్రానికి ఆయన పోయారు.

దినాలనాడు నా బొట్టు తుడిచేశారు. మరుసటి దసరాకు ఆ యంత్రానికి మళ్లీ కొత్త బొట్టు పెట్టే ఉంటారు.