పల్లీపట్టికి పరుగు

కోరుట్లలో నేను పంతులుగా ఉన్న ప్రాథమిక పాఠశాల పిల్లలందరినీ వారం తిరక్కుండానే పరుగెత్తించిన ఘనత నాదే. జగిత్యాలలో నాన్న కిరాణా దుకాణంలో పెరిగినవాణ్ణి, ఏమీ చూపించకుండా గిరాకీ రాదని తెలిసినవాణ్ణి. ఆటల పీరియడులో మైదానం ఒక చుట్టు తిరిగితే ఒక పల్లీపట్టి అన్నాను. ఎప్పుడూ నీడలో కూర్చునే పిల్లలు కూడా లేచారు. హెడ్మాస్టరు మెచ్చుకున్నారు, నేను కాలరు సర్దుకున్నాను.

ఆ తర్వాత బేరాలు మొదలయ్యాయి.

"రెండు చుట్లు ఉర్కితె కొసరేమిస్తరు సార్?"

కొసరు అడిగినవాళ్లను ఉత్త చేతులతో పంపడం మా ఇంట్లో లేదు. గుప్పెడు పుట్నాలు కూడా పెట్టాను.

ఒకరోజు పల్లీపట్టీలు తేవడం మరిచిపోయాను. ఎవరూ కదల్లేదు. సిరిసిల్ల నుంచి వచ్చి మూడో తరగతిలో చేరిన ఒక పాప ఉండేది. నా బేరం మొదలవకముందు, రోజూ పొద్దున గంట కొట్టేదాకా తనంతట తనే మైదానమంతా పరుగెత్తేది. ఆ రోజు ఆమె కూడా గోడకు ఆనుకుని కూర్చుంది.

"నువ్వన్న ఉర్కు బిడ్డా," అన్నాను.

"ఉత్తగనే ఎందుకుర్కాలె సార్?"

నేను నేర్పిన మాటే అది.

పట్టీలు మానేసి నేనే పరుగెత్తడం మొదలుపెట్టాను. నా పొట్టను చూసి నవ్వుతూ కొందరు వెంట వస్తున్నారు. ఆ పాప మాత్రం గోడ దగ్గరి నుంచి లేవడం లేదు.

దాచకుండా లెక్క చెప్తాను. కూర్చునే పిల్లల్లో నలుగురు లేచారు, ఎవరూ చెప్పకుండా పరుగెత్తే ఒక్క పిల్ల కూర్చుంది. నాన్న గల్లా దగ్గర ఉంటే దీన్ని నష్టమనే అనేవాడు.