నలభై మూడో పేజీ

ఇప్పుడు పిల్లలు కంప్యూటర్ని పక్కలో పెట్టుకుని నిద్రపోతున్నారు గానీ, ఆ రోజుల్లో దాని గదిలోకి చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళం. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నాది సీనియర్ కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం. జూనియర్ ఎవరూ లేరు. అయినా ఆ మాట నియామకపు కాగితంలో ఉంది కాబట్టి సంతకం కింద ప్రతిసారీ పూర్తిగా రాసేదాన్ని. ఏ రైతు బస్తాలు ఏ గదిలో, ఎన్నో అంతస్తులో, ఎన్నో వరసలో ఉన్నాయో ఎక్కించడం, అడిగినవాళ్ళకి చీటీ తీసి ఇవ్వడం, సాయంత్రం ఐదుంపావుకి రోజంతటి పనినీ రెండు ఫ్లాపీల్లోకి దించి, ఒకటి బీరువాలోనూ ఒకటి నా సంచీలోనూ పెట్టడం నా విధులు. ఇవి కాక, శనివారం శనివారం కీబోర్డుని తలకిందులు చేసి తట్టేదాన్ని. మిరప గింజలు రాలేవి. (ఒక శనివారం లెక్కపెట్టాను, పదిహేడు.)

నాన్న ప్రత్తిపాడు మిషన్ బడిలో లెక్కల మాస్టారు. అందుకని నాకు ఏదైనా అంకెతో చెబితేనే చెప్పినట్టుండేది. మా మేనేజరు గారికి అంకెలు గిట్టవు. ఏం చెప్పినా “పోనీలెండి” అనేవారు కనుక అందరం ఆయన్ని చాటున పోనీలెండి గారనే పిలిచేవాళ్ళం. మే నెలలో కంప్యూటర్ గది ఏసీ ఆగిపోయిందని చెబితే కూడా అదే అన్నారు. మెకానిక్ రావడానికి రెండు వారాలు పడుతుందట. గదిలో ముప్పై తొమ్మిది డిగ్రీలు. అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. బయటి తలుపుకీ మిర్చి నిలవుండే గదులకీ నడుమ ఒక వసారా ఉంది. అందులో ఎప్పుడు చూసినా పద్నాలుగు డిగ్రీలే. ఇంత చలిని ఇంట్లో పెట్టుకుని ఏసీ కోసం ఏడవడం ఎందుకని ఆరు కారణాలు వరస సంఖ్యలతో రాసి ఇచ్చాను. పోనీలెండి గారు ఆరూ చదవకుండానే పోనీలెండి అన్నారు. మిషన్ని అక్కడికి మార్పించి, తొమ్మిది రోజులు ఆ వసారాలో, రోహిణి కార్తె ఎండల్లో, నాన్న స్వెట్టరూ మఫ్లరూ వేసుకుని పనిచేశాను. బయట వడగాడ్పుకి ఒళ్ళంతా చెమటతో లోపలికొచ్చిన రైతులు నన్ను చూసి జ్వరమా అమ్మా అని జాలిపడేవాళ్ళు.

పదో రోజు శుక్రవారం. నా ఆరు నెలల ప్రొబేషన్ ఆ రోజుతో సరి. ఒంగోలు నుంచి పెద్దాయన (మా స్టోరేజీలో పెద్ద భాగస్తుడు) పదకొండింటికి వచ్చి మిషను పని చూస్తారు. నచ్చితే నా ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే మిషను అమ్మినవాళ్ళ దగ్గరికీ, నేను పాత టైపు ఇన్‌స్టిట్యూట్‌కీ తిరిగి వెళ్ళాలి. ఆయనకి ఉబ్బసం, చలి పడదు. అందుకని పదింటికి హమాలీల చేత మిషన్ని మేనేజరు గదిలోకి మోయించి, తీగలన్నీ నేనే తగిలించాను. తలెత్తి చూస్తే తెర నిండా నీటి బొట్లు. చేతిరుమాలుతో తుడిచాను, మళ్ళీ పట్టాయి. కొంగుతో తుడిచాను, మళ్ళీ పట్టాయి. డబ్బా లోపలా అంతేనని వెనక సందులోంచి కనబడుతోంది. పదకొండుకి పది నిమిషాలుంది. వేస్తే ఆ వేడికి అదే ఆరిపోతుందని నాకు నేను చెప్పుకుని స్విచ్చి మీద వేలు పెట్టాను.

“నొక్కమాకమ్మా,” అన్నాడు వెనక నుంచి మేస్త్రి బాబాయి. హమాలీల ముఠాకి నాయకుడు. చదువు లేదు గానీ ఇరవై ఏళ్ళుగా ఆ చలిలో బస్తాలు దించి ఎత్తినవాడు. “చలిలోంచి తీసిన కాయకి చెమట పట్టుద్ది. అప్పుడే మూట విప్పితే నల్లబడిపోద్ది. ఒక రోజన్నా నీడన ఉండనియ్యాల.”

“ఇది మిరపకాయ కాదు బాబాయ్.”

“కాదులే. మరి చెమటెందుకు పట్టింది?”

ఆరు కారణాలు రాసిన నేను ఈ ఒక్కదాని కోసం, వేలు తీయకుండానే, వెనక సందులోకి మళ్ళీ తొంగిచూశాను. అంతలో కారు ఆగింది. పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చుని, మే నెలలో స్వెట్టరుతో, తడిసిన కొంగుతో నిలబడ్డ నన్ను ఎగాదిగా చూసి, ఏదీ ఆడించమన్నారు. నేను స్విచ్చి మీంచి వేలు తీసేశాను. ఈరోజు వేయకూడదనీ, రేపు ఇదే వేళకి వేయాలనీ చెప్పాను. పోనీలెండి గారు అలవాటు కొద్దీ నోరు తెరిచి, పెద్దాయన ముఖం చూసి మూసుకున్నారు.

“ఒంగోలు నుంచి దీన్ని చూడ్డానికేగా అమ్మాయ్, నేను వచ్చింది. వేయకూడదని ఎవరు చెప్పారు నీకు?”

మేస్త్రి బాబాయి గుమ్మంలోనే ఉన్నాడు, భుజాన గోనెసంచితో. నిజం చాలా చిన్నది, రెండే మాటలు. కానీ ఉద్యోగం ఖాయమయ్యే రోజున, సీనియర్ కంప్యూటర్ ఆపరేటర్ని అయ్యుండి, మేస్త్రి చెప్పాడని ఎలా అనను?

“మాన్యువల్‌లో ఉందండి. నలభై మూడో పేజీ.”

మిషనుతో వచ్చిన ఆ మాన్యువల్లో ఉన్నవి ముప్పై ఎనిమిది పేజీలే. నా జన్మలో నోట వచ్చిన మొదటి తప్పుడు అంకె అది. పెద్దాయన మాత్రం పేజీతో సహా చెప్పేసరికి మెత్తబడి, గుంటూరులో చెల్లెలి గారింట్లో ఆగిపోతానన్నారు. మిషన్ని నీడన గోనెపట్టా మీద పెట్టి, మూత విప్పి, దూరంగా ఫ్యాను పెట్టాం. మేస్త్రి బాబాయి పోతూ పోతూ, పుస్తకంలో ఉన్న సంగతి నాతో ముందే అనకపోయావా అమ్మా, నోరు నొప్పి తప్పేది అన్నాడు.

మర్నాడు పదకొండింటికి స్విచ్చి వేశాను. తెర ఒకసారి మిణుకుమని అక్షరాలు వచ్చాయి. పెద్దాయన తన బావమరిది బస్తాలు అడిగారు. మూడో గది, రెండో అంతస్తు, ఏడో వరస, అరవై రెండు అని చీటీ వచ్చింది. మేస్త్రి బాబాయి వెళ్ళి చూసొచ్చి తలూపాడు. నా కాగితం మీద సంతకం అక్కడే అయిపోయింది. నేను ఊపిరి పీల్చుకుంటూ ఉండగా పెద్దాయన కారెక్కుతూ, ఆ పుస్తకం సోమవారం పంపమనీ, ఒంగోలు స్టోరేజీలో కూడా మిషను పెడుతున్నాం కాబట్టి అక్కడివాళ్ళ చేత ముఖ్యంగా ఆ నలభై మూడో పేజీ చదివించాలనీ అన్నారు.

ఆదివారం చర్చి నుంచి వస్తూనే టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి తాళం అడిగి తీసుకున్నాను. నలభై మూడు రావాలంటే ముందు ముప్పై తొమ్మిది నుంచి నలభై రెండు దాకా కావాలి కదా. కీబోర్డులో మిరప గింజలు ఎలా తీయాలి, మిర్చి కోరు ఘాటుకి తుమ్మొస్తే ముఖం ఎటు తిప్పాలి, కరెంటు పోయేముందు లైటు ఎన్నిసార్లు కొట్టుకుంటుంది (మా ఫీడరు లైనులో మూడు), చీటీ చదవలేని రైతుకి దాన్ని ఎలా చదివి చెప్పాలి, ఇలా నాలుగు పేజీలు నిండాయి. అయిదోదాంట్లో బాబాయి చెప్పింది చెప్పినట్టు కొట్టి, కింద ఆయన పేరు పెట్టి, పుస్తకానికి కుట్టేశాను. సోమవారం పొద్దున్నే ఆయనకి చదివి వినిపించి, తప్పు ఒప్పుకున్నాను.

“ముందు రాసిన దొరలకి ఇది తెలవదా అయితే?” అన్నాడు, అంతా విని.

“తెలీదు బాబాయ్.”

“పోన్లే పాపం. ఆళ్ళకి కాయలు లేవుగా.”

నెల తర్వాత పుస్తకం ఒంగోలు నుంచి తిరిగొచ్చింది. ముప్పై ఎనిమిది పేజీలు ఇంగ్లీషులో నడిచిన పుస్తకం ఉన్నట్టుండి తెలుగులోకి ఎందుకు తిరిగిందని ఎవరూ అడగలేదు. నలభై మూడో పేజీ అడుగున మాత్రం పెద్దాయన ఎర్ర సిరాతో రాశారు: “బాగున్నది. మొదటి ముప్పై ఎనిమిది పేజీలూ కూడా ఇదే విధముగా రాసి పంపవలెను.”

ఏడు నెలల పదకొండు రోజులు పట్టింది. అర్థం కాని ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఒంగోలు ఆపరేటర్లని అడిగి, పక్క ఊళ్ళో మెకానిక్‌ని అడిగి, చివరికి ఎవరికీ తెలియకపోతే “ఇది నాకు తెలియలేదు” అని రాసి సంతకం పెట్టాను. అలా మొత్తం తొమ్మిది చోట్ల వచ్చింది. ఇప్పుడు ఎప్పుడైనా ఆ ప్రతి తీసి చూస్తే, స్వెట్టరు వేసుకుని, లేని పేజీని అంత ధీమాగా చెప్పిన పిల్ల మీద నవ్వొస్తుంది. ఆ తొమ్మిది చోట్ల ఆ పిల్ల సంతకం చూస్తే మాత్రం, దాన్ని కాసేపు పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.