గుమ్మం బయటి అభ్యర్థి

మా ఊళ్ళో ఓటు అడగడానికి నోరు ఒక్కటే ఉంటే చాలదు, కుంకుమభరిణె కూడా ఉండాలి. నిలబడింది మగవాడైతే ఇంట్లో ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్తాడు. ఆడమనిషైతే తనే వెళ్తుంది. గడప దాటి లోపలికి వెళ్ళి, ఆ ఇంటి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, మీ ఓటు మాకే వెయ్యాలి అని అడగాలి. బొట్టు పెట్టి అడిగినవాళ్ళని మొహం మీద కాదనడం మా వైపు ఎవరికీ చేతకాదు. తర్వాత పోలింగు గదిలోకెళ్ళి ఎవరికి గుద్దుతారన్నది వేరే సంగతి. బొట్టు పెట్టకుండా అడిగితే మాత్రం అడిగినట్టే లెక్క కాదు.

కిందటి పంచాయతీ ఎన్నికల్లో నేను వార్డు మెంబరుగా నిలబడ్డాను. నా భర్త పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. అంచేత నా ఓటు నేను అడగడానికి వీల్లేకపోయింది.

మాది సోంపేటకీ బారువకీ మధ్య కొబ్బరితోటల్లో ఉన్న ఊరు. ఇక్కడ కిడ్నీ జబ్బు గురించి ఎవరూ గొంతు తగ్గించి చెప్పుకోరు, జలుబు చేసిందన్నంత మామూలుగా చెప్పుకుంటారు. ఆయనకీ అదే వచ్చింది. పలాస వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేవాళ్ళం. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు కోసం చిన్నపిల్లాడిలా పోట్లాడేవాడు. ఆ సీటు ఖాళీ అయ్యాక నేను పలాస వెళ్ళడం మానేశాను. ఊళ్ళో మాత్రం వేరే విద్య నేర్చుకున్నాను. ఎవరైనా శుభమా అని బయల్దేరుతుంటే ఎదురుపడకుండా పెరట్లోకి తప్పుకునే విద్య. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పొమ్మనలేదు. పెళ్ళిపిలుపులు మా వీధిలోకి వచ్చి మా గుమ్మం దగ్గర నడక వేగం పెంచేవి. అది చూశాక ఇంక చెప్పాల్సిందేముంది!

మా మరిదికి రాజకీయమంటే ప్రాణం. మా వార్డు ఆడవాళ్ళకని తేలగానే తన భార్యని నిలబెడదామనుకున్నాడు. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారన్న రూలు అప్పటికింకా ఉంది. మా తోడికోడలికి ముగ్గురు. నాకు పిల్లల్లేరు. జీవితంలో మొదటిసారి నాకు లేనిదే నాకు అర్హత అయింది.

"ఒదినా, నువ్వు నామినేషనెయ్యి. మిగతాది మేం సూసుకుంతాం" అన్నాడు మరిది.

సరేనన్నాను. పదవి మీద ఆశతో కాదు. వార్డు మెంబరు ఏం చేస్తాడో మా ఊళ్ళో వార్డు మెంబర్లకే తెలియదు. నా ఆశ వేరు. ఎన్నికల వంకన నాలుగు గడపలు తొక్కవచ్చు, లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు, ఇదుగో నేను, నాకు ఓటెయ్యండి అని నా నోటితో నేను అడగవచ్చు. పిలుపు లేని మనిషికి అది చిన్న కోరికేం కాదు. నామినేషన్ వేసిన రోజు నుంచీ అద్దం ముందు నిలబడి ఆ ముక్క నాలో నేను అనుకుంటూ ఉండేదాన్ని. నవ్వొచ్చేది కూడా.

ప్రచారం మొదలుపెట్టే పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని అందరికంటే ముందు వీధిలోకి వచ్చి నిలబడ్డాను. మరిది నన్ను చూసి అటు తిరిగి డప్పువాళ్ళతో ఏదో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. తోడికోడలు దగ్గరికొచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటారు.

"అప్పా, నువ్వు ఎనకాల రా. గుమ్మం కాడ నిలబడు సాలు. బొట్టు నాను పెడతాను. శుభమా అని మొదలెడతన్నాం కదా, మరేటనుకోకు" అంది. అని, నా మొహం చూడలేక నా చీర కుచ్చిళ్ళు సర్దింది. అవి సర్దుకునే ఉన్నాయి.

ఆ పిల్ల చెడ్డది కాదు. అదే నా బాధ. చెడ్డదైతే నాలుగు తిట్టి చీర మార్చుకుని పడుకునేదాన్ని.

ముందు డప్పులు, వెనక మరిది, ఆ వెనక భరిణెతో తోడికోడలు, ఆడవాళ్ళు. అందరికంటే వెనక నేను. ప్రతి ఇంటి ముందూ ఆగేవాళ్ళు. ఆడవాళ్ళు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళు. నేను బయట ఆ చెప్పుల పక్కన నిలబడేదాన్ని. కుక్క ఏదైనా వాసన చూడబోతే అదిలించేదాన్ని. నా ఎన్నికల ప్రచారమంతా చెప్పుల కాపలాగా సాగింది. నా గుర్తు గ్యాస్ పొయ్యి. మైకులో "పొయ్యి గుర్తుకే మీ ఓటు" అని ఊదరగొట్టారు. ఊరికి ఆ పొయ్యి తెలిసినంతగా నేను తెలియలేదు.

ఒక ఇంట్లో కొత్తగా కాపరానికి వచ్చిన కోడలు కాబోలు, "ఇంతకీ నిలబడింది ఎవులు?" అని అడిగింది.

"మా అప్ప. బయటున్నాది" అంది తోడికోడలు.

"మరి లోనికి రాదేటి?"

లోపల భరిణె మూత పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆ అమ్మాయి గొంతే, చాలా మెల్లగా, "ఓహో" అంది. ఎవరెన్ని మాటలన్నా ఇంతలా గుచ్చుకోలేదు. ఆ ఓహో ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది, అన్నం కలుపుకుంటున్నప్పుడు ముఖ్యంగా.

కొన్ని ఇళ్ళ ముందు డప్పులు ఆగేవి కావు. ఆ ఇళ్ళలో బొట్టు పెట్టించుకునే మనిషి లేదు. తోడికోడలు భరిణె మూత పెట్టేసేది, అందరూ ముందుకి నడిచేవాళ్ళు. మా వార్డులో అలాంటి ఇళ్ళు ఎన్నో చెప్పను, చెబితే ఊరికి చెడ్డపేరంటారు. ఓటర్లని వదిలేసుకుంటున్నామని అంత రాజకీయం తెలిసిన మా మరిదికి కూడా తట్టలేదు. మా వాళ్ళకి రాజకీయం కంటే భరిణె గట్టిది.

అలా వదిలేసిన ఒక గుమ్మంలో ఒక పెద్దామె కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. ఆ జిడ్డుకి వేళ్ళు నల్లబడిపోయాయి. మొగుడూ కొడుకూ ఇద్దరూ ఈ జబ్బుతోనే పోయారామెకి. ఊరేగింపు ముందుకి వెళ్ళిపోయింది, నేను చివర ఉన్నాను కదా, నన్ను పట్టుకుంది.

"ఏటమ్మీ, నన్నడగవా? నాకు ఓటు నేదా?"

నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. పీట వేసింది. కూర్చున్నాను. అద్దం ముందు అన్నిసార్లు అనుకున్న మాట తీరా అనాల్సి వచ్చేసరికి మంచినీళ్ళు అడిగాను. తాగి, వార్డుకి నిలబడ్డాను పెద్దమ్మా, నాకు ఓటెయ్యి అన్నాను.

"బొట్టెట్టకండా అడిగితే ఓటు సెల్లదేటి? ఏత్తాన్లే" అంది.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నాలు, మా వాళ్ళు తిని కునుకు తీస్తుంటే, ఆమె నన్ను డప్పులు ఆగని ఆ ఇళ్ళకి తీసుకెళ్ళేది. ప్రతి ఇంట్లోనూ చాప వేసేవాళ్ళు. ఓట్ల గురించి మాట్లాడింది తక్కువ. ఎవరి మనిషి ఏం తినాలని అడిగి తినకుండా పోయాడో, ఎవరి మనిషికి చివర్లో కాళ్ళు ఎలా వాచాయో చెప్పుకునేవాళ్ళం. మా ఆయన కిటికీ సీటు గురించి చెప్పాను. అందరూ నవ్వారు. ఆయన్ని తల్చుకుని పక్కన మనుషులతో కలిసి నవ్వడం అదే మొదలు. లేచి చెప్పులు తొడుక్కుంటుంటే ఓటు సంగతి గుర్తొచ్చేది. గుమ్మంలోంచి వెనక్కి తిరిగి అడిగేదాన్ని.

పోలింగ్ అయిన సాయంత్రమే బడిలో లెక్కింపు. ఆ గదిలో ఎన్నికల అధికారి ఎక్కడి నుంచో వచ్చినవాడు. నేను ఎవరి భార్యనో ఆయనకి తెలియదు, ఎవరూ లేనిదాన్నని కూడా తెలియదు. నాకు ఆ గది హాయిగా అనిపించింది. చీటీలు విప్పి కట్టలు కట్టారు. తేడా చేతివేళ్ళకి సరిపోయేంత. ఆయన మళ్ళీ ఒకసారి చూసుకుని, నా పేరు ఇంటిపేరుతో సహా పైకి చదివి, గెలిచారు అన్నాడు. కాగితం ఇవ్వబోతుంటే మరిది లేచి చెయ్యి చాచాడు.

"మీరు కాదండీ, ఆవిడ రావాలి" అన్నాడు ఆయన.

వెళ్ళి సంతకం పెట్టి తీసుకున్నాను. నా పేరు నేను చివరిసారి పైకి విన్నది ఆసుపత్రిలో.

బయట మరిది ఒకటే సంబరం. "తోట ఈది ఈది మొత్తం మనకే గుద్దేసినారు, నాను ముందే సెప్పలేదా!" అంటున్నాడు. ఆ చేతివేళ్ళన్ని ఓట్లు ఎక్కడివో నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే ఆ ఇళ్ళ గురించి చెప్పాలి, ఇంత సంబరంలో ఆ మాట ఎవరు వింటారు! ఒకాయన బంతిపూల దండ తెచ్చాడు. నా దాకా వచ్చాడు. ఒక్క క్షణం నన్ను చూసి, పక్కకి జరిగి మా మరిది మెడలో వేశాడు.

అది మగవాళ్ళ గోల అనుకుని ఊరుకున్నాను. మా ఇంటి దగ్గర ఆడవాళ్ళు హారతిపళ్ళెంతో నిలబడ్డారు. నా ఇల్లే, నా గుమ్మమే. నన్ను చూసి పళ్ళెం పట్టుకున్నావిడ ఆగిపోయింది. కర్పూరం అయిపోతోంది. "అప్పా, రా" అని తోడికోడలు అననైతే అంది. పక్కనున్న ముత్తయిదువ ఒకావిడ దాని మోచెయ్యి పట్టుకుంది. అంతే, అది ఊరుకుంది. మొగుడూ పెళ్ళాలిద్దర్నీ నిలబెట్టి హారతి ఇచ్చారు. టపాకాయలు కాల్చారు.

నేను సందులోంచి దొడ్డివైపు వెళ్ళిపోయాను. కాళ్ళకి ఆ దారి అలవాటే. గెలిచిన కాగితం జాకెట్లో గుచ్చుకుంటోంది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆయన పోయిన రోజున కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఆ రోజు ఇంటినిండా వచ్చిన జనం నా కోసం వచ్చారు.

పెరట్లో నీళ్ళపొయ్యి దగ్గర పెద్దామె కూర్చుని ఉంది. పొయ్యి రాజేసి పెట్టింది. గుప్పెట్లో ఏదో పట్టుకుంది.

"ఎంతసేపని కూకోను! ఇలగే వత్తావని తెలుసు నాకు" అని విసుక్కుంది. "నీకెవులైనా దిట్టి తీసినారేటి?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "నాకెవుల దిట్టి తగుల్తాది పెద్దమ్మా? సూసి కుళ్ళుకోడానికి నా కాడ ఏటున్నాది?"

"గెలిసినావు కదే! గెలిసినోలికి తగలదేటి? ఊరు ఊరంతా నీ మీదే కళ్ళెట్టుకున్నాది. కదలకండా నిలబడు."

నిలబడ్డాను. నల్లబడిన ఆ వేళ్ళ మధ్య ఉప్పూ ఎండుమిరపకాయలూ ఉన్నాయి. తల చుట్టూ తిప్పి, మొహం మీదుగా దించి, వాళ్ళ కళ్ళూ వీళ్ళ కళ్ళూ అని గొణిగి, పొయ్యిలో పడేసింది. మా వైపు నమ్మకం ఏమిటంటే, దిష్టి నిజంగా తగిలి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదు. తగలకపోతేనే ఘాటు.

ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు అంటుకున్నాయి. ఇద్దరం ఒకేసారి దగ్గడం మొదలుపెట్టాం. గొంతులు మండిపోయాయి, కళ్ళల్లోంచి ధారగా నీళ్ళు కారాయి. ఆమె గోడ పట్టుకుని, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఊపిరి అందినప్పుడల్లా ఒక్కో మాట అంది.

"సూసినావా... గాటే నేదు... ఓలమ్మీ, ఎంత దిట్టి!"

"అవును పెద్దమ్మా, అసలు రానేదు" అన్నాను, దగ్గుతూనే.