లిస్టులో లేని బీట్‌రూట్

ఆ ఉదయం బ్లాక్‌టౌన్ క్లినిక్‌లో ఉన్నవాళ్లు, ఉన్నవి: డాక్టరమ్మ, నేను, నా రూమ్మేటు ఖాదర్, నేను టైపు చేసి తెచ్చిన రెండు పేజీల లిస్టు, ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు. కప్పులో ఏముందో వివరించను, మీరు భోజనం చేస్తూ ఉండవచ్చు. అది దానిమ్మరసం రంగులో ఉందనీ, నా ఆస్ట్రేలియా భవిష్యత్తు అందులో మునగబోతోందనీ మాత్రం చెబుతాను.

అది 1999. సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నందువల్ల 2000 రాగానే కంప్యూటర్లన్నీ చచ్చిపోతాయని లోకం వణుకుతున్న రోజులు. పాత ప్రోగ్రాముల్లో ఎవరో మరిచిపోయిన తేదీలను వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. నా కంటపడకుండా ఏదీ తప్పించుకోదని నా నమ్మకం. ఈ వాక్యం కాస్త గుర్తుంచుకోండి.

ఇక్కడే స్థిరపడే వీసా, అంటే పీఆర్, దానికి మెడికల్ పరీక్ష వారం ఉందనగా ఆఫీసులో ఒక ఈమెయిల్ తిరిగి తిరిగి నా దాకా వచ్చింది. బీట్‌రూట్‌కు క్యాన్సర్‌తో పోరాడే గుణం ఉండవచ్చని దాని సారాంశం. "ఉండవచ్చు" అన్న మాటను బగ్గులా తీసేశాను. ఆరోగ్యంలో నూటికి నూరు మార్కులు కొట్టాలని నీళ్లలో ఊరిన బీట్‌రూట్ ముక్కల రేకు డబ్బాలు కొని, పొద్దున ఒక డబ్బా, సాయంత్రం ఒక డబ్బా, ఫ్రిజ్ ముందు నిలబడి నీళ్లతో సహా లాగించాను. ఇంట్లో టాయిలెట్‌కు నీళ్లను నీలంగా మార్చే బిళ్ల వేలాడేది కాబట్టి వారమంతా ఏ తేడా తెలియలేదు. క్లినిక్‌లో కప్పు చేతికిచ్చాక తెలిసింది.

కారులో దించడానికి వచ్చిన ఖాదర్ పక్కన కూలబడ్డాను.

"ఖాదర్, నా పని అయిపోయిందిరా. రైస్ కుక్కర్ నువ్వే ఉంచుకో."

"అది నాదే గదరా," అన్నాడు గుంటూరు ఖాదర్.

డాక్టరమ్మ పిలవగానే అతన్నీ లోపలికి లాక్కెళ్లాను. డాక్టరమ్మ కప్పును వెలుతురుకు ఎత్తి, ఈ వారం ఎర్రటిదేమైనా తిన్నావా అని అడిగింది. ఎవరూ అడగకుండానే తయారుచేసిన లిస్టు గర్వంగా అందించాను. టిఫిను, లంచ్, డిన్నర్ కాలమ్‌లు, ఏడు రోజులు, ఇరవై ఒక్క పూటలు. ఆవకాయ ఎన్ని చెంచాలో కూడా ఉంది. ఇంతేనా అంది. ఇంతే అన్నాను. ఆమె నిట్టూర్చి, పెద్దాసుపత్రికి పంపడానికి కాగితం అందుకుంది.

ఖాదర్ తెలుగులో గొణిగాడు. "ఆ డబ్బాల సంగతి చెప్పావంట్రా?"

"అది తిండి కాదురా, మందు. ఏ కాలమ్‌లో రాయను?"

"ఆ ముక్కే ఆవిడకు చెప్పు."

మీ స్నేహితుడేమంటున్నాడని ఆమె అడిగింది. నా మీద మోపిన నేరాన్ని నేనే ఇంగ్లీషులోకి అనువదించుకున్నాను. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. బీట్‌రూట్ తింటే కొందరికి ఇలా రంగు దిగుతుందట. కూరగాయను కూరగాయలా తినమని, మూడు రోజులు మానేసి మళ్లీ రమ్మని చెప్పింది. నాలుగో రోజు కప్పులో ఏ రంగూ లేదు. పీఆర్ వచ్చింది.

ఇకమీదట ఏ లిస్టు రాసినా "ఇతరములు" అనే కాలమ్ లేకుండా రాయనని, రైస్ కుక్కర్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఖాదర్ పెరట్లో రీసైక్లింగ్ బిన్ బోర్లించి లెక్కపెట్టాడు.

ఖాళీ బీట్‌రూట్ డబ్బాలు: పద్నాలుగు.