పోపు పెట్టని సూపు

థాయ్ వంటల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. పత్రికలో పనిచేసే రోజుల్లో హైదరాబాద్‌లో ఒక సమావేశానికి వెళ్తే మధ్యాహ్నం ఆకుపచ్చ రంగు థాయ్ కూర వడ్డించారు. కొబ్బరిపాలు, చక్కెర, పచ్చిమిర్చి అన్నీ ఒకే గిన్నెలో. కూర తియ్యగా ఉందంటే అందులో ఏదో దాస్తున్నారని నా నమ్మకం. సగం తిని పెరుగన్నం అడిగాను. అదే బల్ల మీద ఉన్న పుల్లటి సూప్‌ను మాత్రం రెండోసారి కూడా పోయించుకున్నాను. అందులో దాపరికం లేదు. అడుగున ఏముందో పైనుంచే కనిపించింది.

ఆరోగ్యం పేరు చెప్పే వంటల మీద ఇంకా ఎక్కువ అనుమానం. మా నకిరేకల్‌లోనే ఎన్ని చూశానో. కొన్నాళ్లు అందరూ మట్టికుండల్లో వండారు. తర్వాత గానుగ నూనె వచ్చింది. గానుగదైతే ఎంత పోసినా ఒంటికి మంచిదేనని మా ఆవిడ వంకాయలు తేలేటంత పోసేది. ఆ తర్వాత నూనె లేకుండా వేడిగాలితో వేయించే డబ్బా వచ్చింది. తెలిసినవాళ్లింట్లో ఆ డబ్బాలో చేసిన మిర్చి బజ్జీలు తిని, బాగున్నాయని మెచ్చుకున్న పెద్దమనిషే బస్టాండ్ దగ్గర బండి ముందు నిలబడి అసలు బజ్జీలు తింటూ నాకు దొరికాడు.

ఇన్ని మారినా మా ఇంట్లో ఒకటి మారలేదు. పోపు పడనిది వంట కాదు. ఎంత ఉడికినా అది పచ్చిదే. అరగదు, వాతం చేస్తుంది. మా అత్త నుంచి మా ఆవిడకు వచ్చిన వైద్యం ఇది.

రెండేళ్ల కిందట మా అమ్మాయికి మూడో నెల. ఏం తిన్నా వాంతులవుతుంటే హైదరాబాద్ నుంచి తీసుకొచ్చి మా దగ్గర ఉంచుకున్నాం. ముఖం పీక్కుపోయింది. ఇంకా బరువు తగ్గితే దవాఖానలో చేర్చి సెలైన్ పెట్టాల్సి వస్తుందని, మనసుకు ఏది నచ్చితే అది పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. ఏదీ నచ్చడం లేదు. ఆవాలు చిటపటమంటే చాలు, ముక్కు మూసుకుని పరుగెత్తేది. మా ఆవిడ వంటింటి తలుపు వేసి, కిటికీలు తెరిచి మరీ పోపు పెట్టేది. మానేది మాత్రం కాదు.

"అమ్మా, జర పోపు లేకుండ వండరాదే?"

"పచ్చిది ఎట్ల పెడుదు బిడ్డా? కడుపుతోని ఉన్నవు."

ఒకరోజు అమ్మాయి నన్ను పిలిచింది. "బాపూ, నాకు థాయ్ సూప్ తాగాలనిపిస్తాంది. పుల్లగ, కారంగ ఉంటది. అదొక్కటి పోతదేమో లోపలికి."

హైవే పక్కన అలాంటి హోటల్ ఒకటి ఉంది. దాన్ని నడిపేది మా ఊరి దర్జీ కొడుకు. దుబాయ్‌లో ఒక హోటల్ వంటగదిలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి, బిర్యానీతో పాటు థాయ్ వంటలు కూడా పెట్టాడు. 'నూనె లేని వంట, దవాఖాన లేని ఇల్లు' అని బోర్డు మీద రాయించాడు. ఆ బోర్డు చూసే నేను ఎన్నడూ లోపలికి పోలేదు. ఇప్పుడు పోయి సూప్ తెచ్చాను.

మా ఆవిడ మూత తీసి చూసింది. "గిదేంది, గడ్డి ఉన్నది?"

"నిమ్మగడ్డి. వాసనకు వేస్తారు."

"మనుషులకా, బర్లకా?" అంటూ వేడి చేయడానికి లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది.

అమ్మాయి లేచి కూర్చుని ఆశగా ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. అంతే, బాత్రూంలోకి పరుగు. తిరిగొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. "ఇంకేం తేకు బాపూ," అంది. ఏడుస్తోంది. రేపు దవాఖానలో చేర్చడమే అనుకున్నాం.

"చూసిన్రా? గా హోటలోడు ఏం కలిపిండో!" అంది మా ఆవిడ.

"నువ్వేమన్నా కలిపినవా?"

"నేనేం కలుపుత? ఏడి చేసి ఇచ్చిన."

కల్తీల మీద ఎన్నో వార్తలు రాసినవాణ్ణి. సరుకు చేతిలో లేకుండా ఎవరినీ నిలదీయకూడదని తెలుసు. మిగిలిన సూప్‌ను అమ్మాయి గది మసక వెలుతురులోనే టిఫిన్ డబ్బాలోకి ఒంపుకుని స్కూటర్ ఎక్కాను.

హోటల్ అతను ఎదురొచ్చాడు. "రండి సార్. అక్క తాగిందా?"

"తాగితే నేనెందుకొస్త భాయ్? నీళ్లెక్కడివి? నూనె లేదని రాసినవు, నిజంగ ఎయ్యవా?"

"చుక్క ఎయ్య సార్. ఏమైంది?"

"ఏమైందో నువ్వే చూడు," నలుగురూ వినేలా అంటూ డబ్బా మూత తీశాను.

బయటి వెలుగులో సూప్ మీద నూనె మెరుస్తోంది. దాని మీద ఆవాలు తేలుతున్నాయి. పక్కన వేగిన కరివేపాకు, నల్లబడ్డ ఎల్లిపాయ. మూత పెట్టేయబోయాను కానీ అప్పటికే అతను తొంగి చూశాడు.

"సార్," అన్నాడు నవ్వు ఆపుకుంటూ, "నేను సూప్ ఇస్తే మీరు పోపేసి ఖట్టీ దాల్ చేసి తెచ్చిన్రు."

నేను డబ్బా మూత బిగించాను.

"ఫికర్ చెయ్యకుండ్రి. మా అమ్మీ నా నూడుల్స్‌కు కూడ బగార్ పెట్టింది. కూసోండ్రి, ఇంకోటి చేసిస్త."

నేను కూర్చోలేదు. ఆవాలు మావే అయినంత మాత్రాన అతని బోర్డు నిజమైపోదు. పొయ్యి పక్కనే నిలబడి నీళ్లు మరిగిన దగ్గర నుంచి నిమ్మకాయ పిండేదాకా చూశాను. నూనె వేయలేదు. తెల్లటి పొడి ఒకటి వేయబోతే ఏందది అన్నాను. ఉప్పు అన్నాడు. నాలుక మీద వేసుకుని చూశాను. ఉప్పే.

ఇంటికి రాగానే మా ఆవిడను అడిగాను. "ఏం కలపలే అంటివి కదా?"

"ఏం కలిపిన?"

"పోపు?"

"పోపు పెట్టుడు కలుపుడెట్లయితది? సగం వండి పంపిండు, మంచిగ చేసిన."

ఆమె ముఖంలో అబద్ధం లేదు. ఈసారి గిన్నెను వంటింటి గడప దాటనివ్వలేదు. నేరుగా అమ్మాయి మంచం దగ్గరికే తీసుకుపోయాను. వద్దు వద్దంటూనే వాసన చూసింది. ఒక చెంచా తాగి ఆగింది. ఇంకో చెంచా. ఆ తర్వాత చెంచా పక్కన పెట్టి గిన్నె ఎత్తి తాగింది. చాలాసేపు చూశాం, లోపలే ఆగింది. నిద్రపోయింది కూడా.

మా ఆవిడ గిన్నె అడుగున మిగిలిన గడ్డి ముక్కను తీసి కొరికి, పీచు ఉమ్మేసింది. "ఇది కడిగే ఏస్తడా? రేపు నేను కూడ వస్త. నా కండ్ల ముందట కడగాలె."

ఆ సాయంత్రం చారు కాచినప్పుడు, పోపు పెట్టకముందే ఒక గిన్నెడు పక్కకు తీసింది. దాన్ని అమ్మాయి చేతికి ఇస్తుంటే నేను ఆశ్చర్యపోయి చూశాను.

"అట్ల చూడకుండ్రి. పచ్చిదే ఇది," అంది. "తాగనియ్యుండ్రి. ఏమైతదో చూద్దాం. నేను ఇక్కడ్నే కూసుంట." స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చుని, కూతురు మింగే ప్రతి గుక్కనూ అనుమానంగా చూస్తూ ఉండిపోయింది.