నిలబడి మాట్లాడే అమ్మాయి

నందిగామలో ట్రాక్టర్ల షోరూమ్‌లో పనిచేసే రోజుల్లో నా పక్క సీటు అమ్మాయికి ఒక అలవాటు ఉండేది. ఫోన్లో ఎవరైనా రైతు కష్టం చెప్పుకుంటున్నాడంటే లేచి నిలబడేది, పెద్దాయన ఎదురుగా వచ్చినట్టే. మేం నవ్వుకునేవాళ్లం.

ఆ ఏడు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. రిపేరు అయిపోయిందని మెకానిక్ తన సెల్లో నొక్కితే చాలు, రైతుకి మెసేజ్ దానంతటదే వెళ్లిపోతుంది. మా మెకానిక్‌లు రైతు ఊరికి బయల్దేరకముందే నొక్కేసేవాళ్లు. రిపోర్టు శుభ్రంగా కనపడాలిగా మరి!

ఒక మధ్యాహ్నం చెవిటికల్లు ఊరి నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఆమె లేచింది.

“ట్రాక్టర్ బాగైందని మెసేజ్ పెట్టారేంటమ్మా? ఇక్కడికి ఎవరూ రాలా. మిరపకాయలు కల్లంలోనే ఉన్నాయి, మబ్బు కమ్ముకొస్తోంది. తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే.”

ఆ పని అయిందని నొక్కేసిన మెకానిక్ జగ్గయ్యపేటలో వేరే పని మీద ఉన్నాడు. “నువ్వెళ్లి ఆ ట్రాక్టర్ స్టార్ట్ చేసేదాకా నేను కూర్చోను, అన్నా” అని అతనికి ఫోన్లో చెప్పింది.

మేనేజర్ కంప్యూటర్ చూసి, “కంప్లైంట్ క్లోజైందిగా, కూర్చో” అన్నాడు.

“కాలేదండి.”

మిగతా ఫోన్లన్నీ నిలబడే ఎత్తింది. అద్దాల బయట గాలి దుమ్ము లేపుతోంది. ఆవేళ మాకెవరికీ నవ్వు రాలేదు.

తొలి చినుకులు అద్దం మీద పడుతుండగా ఆ రైతే మళ్లీ చేశాడు. ఆమె స్పీకర్ నొక్కింది. ట్రాక్టర్ చప్పుడు గదంతా నిండింది.

“కాయలు ఇంటికి చేర్చేశాం. నిలబడే ఉన్నావంటగా, మీ మెకానిక్ చెప్పాడు. ఇక కూర్చో తల్లీ.”

“అలాగేనండి” అంది.

ఆయన ఫోన్ పెట్టేసేదాకా మాత్రం కూర్చోలేదు.